వీధి ప్రదర్శన నుంచి బడ్జెట్ పద్దు దాకా: కళలకు ప్రజాధనం ఎలా అడగాలి

కళా కార్యక్రమాలు నడిపేవారు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "జనం బాగా వచ్చారు. చప్పట్లు మోగాయి. పత్రికలో ఫొటో కూడా పడింది. కానీ ప్రభుత్వ సాయం అడిగితే 'చూద్దాం' అన్నారు, అంతటితో సరి. మేము చేసిన తప్పేమిటి?"

తప్పు సాధారణంగా ప్రదర్శనలో ఉండదు, అడిగిన సమయంలో ఉంటుంది. చాలామంది కార్యక్రమం ముగిశాక అడగడం మొదలుపెడతారు. అప్పటికి వేదిక విప్పేసి ఉంటారు, ఎంతమంది వచ్చారో ఎవరూ రాసుకుని ఉండరు, బడ్జెట్ ముసాయిదా కూడా ఖరారైపోయి ఉంటుంది. అందుకే కార్యక్రమాన్నీ నిధుల అభ్యర్థననూ మొదటి రోజు నుంచే ఒకే పనిగా నడపాలి. ఆ పద్ధతిని కింద వరుసగా ఇస్తున్నాను. నాటకమైనా, సంగీతమైనా, బొమ్మల ప్రదర్శనైనా, నృత్యమైనా పద్ధతి ఇదే.

కావలసినవి

- ఆరు నుంచి తొమ్మిది నెలల వ్యవధి. ఇంతకంటే తక్కువ ఉంటే ఈ ఏడాదిని సాధనగా భావించి, వచ్చే ఏడాది బడ్జెట్‌పై గురిపెట్టండి.
- కనీసం ముగ్గురు మనుషులు: వేదిక చూసేవారు ఒకరు, లెక్కలు రాసేవారు ఒకరు, అధికారులతోనూ ప్రజాప్రతినిధులతోనూ మాట్లాడేవారు ఒకరు. ఈ మూడూ ఒక్కరే నెత్తిన వేసుకుంటే కార్యక్రమం దగ్గరపడేకొద్దీ వేదిక ఒక్కటే మిగులుతుంది, మిగతా రెండూ అటకెక్కుతాయి.
- నమోదైన సంస్థ, దాని పేరుతో బ్యాంకు ఖాతా. మీకు సంస్థ లేకపోతే, నమోదైన మరో సంస్థ తరఫున దరఖాస్తు పెట్టుకోవచ్చు. డబ్బు ఎవరి ఖాతాలోకి వస్తుంది, ఎవరు ఖర్చు చేస్తారు, జవాబుదారీ ఎవరు అనే మూడు విషయాలను ముందే కాగితం మీద రాసి ఇరువైపులా సంతకాలు చేయండి.
- మీ స్థానిక పాలక సంస్థ బడ్జెట్ ప్రతులు, కనీసం గత రెండేళ్లవి.
- జమాఖర్చుల పుస్తకం, రసీదుల ఫైలు, చేత్తో నొక్కుతూ లెక్కించే కౌంటర్లు, చిన్న ప్రశ్నపత్రాలు.

1. ముందు బడ్జెట్ తేదీలు తెలుసుకోండి

కార్యక్రమం తేదీ ఖాయం చేసుకునే ముందే ఈ పని చేయాలి. భారత్, బ్రిటన్ ప్రభుత్వాల ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది, అమెరికా కేంద్ర ప్రభుత్వానిది అక్టోబరు 1న. చాలా దేశాల్లో జనవరి 1. ఎక్కడైనా సరే, శాఖలు తమ ప్రతిపాదనలను అంతకు చాలా నెలల ముందే ఆర్థిక విభాగానికి పంపుతాయి. బడ్జెట్ ఆమోదించే సమావేశం నాటికి మార్పులకు మిగిలే చోటు చాలా తక్కువ.

అందుకే ఆర్థిక విభాగం కార్యాలయానికి వెళ్లి ఒకే ప్రశ్న అడగండి: "వచ్చే ఏడాదికి శాఖల నుంచి ప్రతిపాదనలు ఎప్పటిలోగా రావాలి?" ఆ గడువుకు కనీసం రెండు నెలల ముందు మీ కార్యక్రమం జరిగిపోవాలి.

హెచ్చరిక: ఎన్నికల ప్రవర్తనా నియమావళి అమల్లో ఉండే రోజుల్లో అధికారులు కొత్త హామీలు ఇవ్వలేరు, ప్రజాప్రతినిధులను వేదిక మీదికి పిలవడమూ చిక్కే. ఆ రోజులను క్యాలెండరులో ముందే కొట్టేయండి.

2. పాత బడ్జెట్ చదవండి

భయపడాల్సిన పని లేదు, మొత్తం చదవక్కరలేదు. కళలు, సంస్కృతి అనే మాటలున్న పద్దులు వెతకండి. కనిపించకపోతే పర్యాటకం, విద్య, గ్రంథాలయాలు, ఉద్యానవనాలు, యువజన సేవల కింద చూడండి. సాంస్కృతిక ఖర్చు తరచూ వీటి చాటునే ఉంటుంది.

దొరికిన ప్రతి పద్దు ఎదుటా మూడు అంకెలు రాసుకోండి: మొదటి అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు. మీరు ఎలా అడగాలో ఈ మూడూ చెప్పేస్తాయి. కేటాయించిన సొమ్ము ఖర్చు కాకుండా మిగిలిపోతుంటే, కొత్త కేటాయింపు అడగకండి. ఉన్నదాన్ని సకాలంలో విడుదల చేయమని, దరఖాస్తు విధానాన్ని సులువు చేయమని అడగండి. కేటాయింపు ఏటా పూర్తిగా ఖర్చవుతుంటే, పెంచమని అడిగే హక్కు మీకు ఆ అంకెలే ఇస్తాయి. అసలు పద్దే లేకపోతే, చిన్న మొత్తంతోనైనా కొత్త పద్దు తెరవమనడమే సరైన అభ్యర్థన. ఒకసారి పద్దు పుట్టాక దాన్ని పెంచమనడం తేలిక, లేని పద్దులోకి డబ్బు రప్పించడం కష్టం.

3. మీ అభ్యర్థనను ఒక్క వాక్యంలో రాయండి

"కళలను ప్రోత్సహించండి" అన్నది అభ్యర్థన కాదు. దానికి ఎవరైనా "తప్పకుండా" అనగలరు, ఏమీ చేయకుండా ఉండగలరు. మొత్తం, పద్దు, సంవత్సరం, ప్రయోజనం, ఈ నాలుగూ ఒకే వాక్యంలో ఉండాలి. ఇలా: "వచ్చే ఆర్థిక సంవత్సరం బడ్జెట్‌లో సామూహిక కళా కార్యక్రమాలకు ప్రత్యేక పద్దు తెరిచి, ఇంత మొత్తం కేటాయించి, బహిరంగ ప్రకటన ద్వారా అందరి నుంచీ దరఖాస్తులు పిలవాలని కోరుతున్నాం."

ఆ చివరి మాటను గమనించండి. మీ బృందానికి మాత్రమే డబ్బు అడిగితే మీరొక లబ్ధిదారు. అన్ని బృందాలకూ తలుపు తెరవమంటే పౌరులు. నా అనుభవంలో రెండోదానికే బలం ఎక్కువ, ఎందుకంటే మిగతా బృందాలు మీ పక్కన నిలబడతాయి. డబ్బు ఎవరికివ్వాలో అధికారంలో ఉన్నవారు కాక, కళ తెలిసినవారి కమిటీ నిర్ణయించాలని కూడా అడగండి. బ్రిటన్‌లో 1946లో ఏర్పడిన ఆర్ట్స్ కౌన్సిల్ ఈ సూత్రం మీదే నడిచింది: సొమ్ము ప్రభుత్వానిది, ఎంపిక ప్రభుత్వానికి కాస్త దూరంగా ఉండే సంస్థది.

నేరుగా కేటాయింపు సాధ్యం కాదంటే ప్రత్యామ్నాయాలు చేతిలో ఉంచుకోండి. ప్రభుత్వ నిర్మాణాల వ్యయంలో ఒక శాతాన్ని కళకు కేటాయించే నిబంధనను అమెరికాలోని ఫిలడెల్ఫియా 1959లోనే తెచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో 1961 నుంచి హోటళ్ల పన్నులో కొంత భాగాన్ని కళా సంస్థలకు ఇస్తోంది. ఇవీ కుదరకపోతే వేదిక అద్దె మినహాయింపు, అనుమతి రుసుముల రద్దు, సాధనకు ప్రభుత్వ భవనాల్లో చోటు అడగండి. వీటికి కొత్తగా డబ్బు వెతకనక్కరలేదు కాబట్టి త్వరగా ఒప్పుకుంటారు.

4. అసలు ఖర్చు రాయండి, కళాకారుల పారితోషికంతో సహా

ఇక్కడ కాస్త గట్టిగానే చెబుతాను. మైకుకు డబ్బిస్తాం, కుర్చీలకు డబ్బిస్తాం, ఫ్లెక్సీకి డబ్బిస్తాం. పాడినవారికి శాలువా కప్పి పంపేస్తాం. తర్వాత ఆ లెక్కనే అధికారి ముందు పెట్టి "ఇంత తక్కువ ఖర్చుతో చేశాం" అని గర్వంగా చెబుతాం. అప్పుడు అధికారికి అర్థమయ్యేది ఒకటే: ఇంతలోనే అవుతుంటే ఇక సాయం ఎందుకు?

కాబట్టి బడ్జెట్‌ను రెండు వరుసల్లో రాయండి. మొదటి వరుసలో చేతి నుంచి నిజంగా ఇచ్చిన డబ్బు. రెండో వరుసలో ఉచితంగా వచ్చినవాటి విలువ: అద్దె తీసుకోని వేదిక, స్వచ్ఛంద సేవకుల గంటలు, డబ్బు తీసుకోకుండా ప్రదర్శించిన కళాకారుల పారితోషికం. సాధన గంటలు కూడా రాయండి. గంట ప్రదర్శన వెనుక ఎన్ని సాయంత్రాలు ఉన్నాయో కాగితం మీద కనిపించాలి. ఈ రెండో వరుస మరో విధంగానూ అక్కరకొస్తుంది. చాలా గ్రాంట్లకు సొంత వాటా చూపాలి. ఉదాహరణకు అమెరికాలో 1965లో ఏర్పడిన, కళలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ చాలావరకు తానిచ్చినంత మొత్తాన్ని గ్రహీత వేరే మార్గాల్లో సమకూర్చుకోవాలంటుంది. ఉచిత సేవల విలువను సొంత వాటాగా ఒప్పుకుంటారో లేదో దరఖాస్తుకు ముందే అడిగి తెలుసుకోండి.

హెచ్చరిక: రెండు వరుసలనూ కలిపి ఒకే అంకెగా ఎక్కడా చూపకండి. ఆడిటులో అదే మొదట పట్టుబడుతుంది.

5. కార్యక్రమం నడపండి

వేదిక, దీపాలు, శబ్దం గురించి మీకు నాకంటే బాగా తెలిసి ఉంటుంది. రెండు విషయాలే చెబుతాను. జనం నిలబడే చోట చదరపు మీటరుకు నలుగురు మించకుండా చూడండి. అయిదుగురు దాటితే మనుషులు తమ కదలికపై పట్టు కోల్పోతారు, తొక్కిసలాటలు అక్కడే మొదలవుతాయి. బయటికి వెళ్లే దారులు కుర్చీలతో మూసుకుపోకూడదు. ఇక శబ్దం: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం 15 నిమిషాల సగటు 100 డెసిబెళ్లు దాటకూడదు. చుట్టుపక్కల నుంచి వచ్చే ఒక్క శబ్దం ఫిర్యాదు మీ అభ్యర్థన ఫైలులో చాలాకాలం ఉండిపోతుంది.

పెద్ద వేదికకు తాహతు లేదా? ఒకే రోజు పది చోట్ల చిన్న ప్రదర్శనలు పెట్టండి. ఫ్రాన్స్‌లో 1982 జూన్ 21న మొదలైన సంగీత దినం ఇలాంటిదే: అనుభవజ్ఞులు, కొత్తవారు అనే తేడా లేకుండా సంగీతకారులు వీధుల్లోకి వచ్చి ఉచితంగా వాయించారు. ఇప్పుడది ఎన్నో దేశాలకు పాకింది.

6. నిర్ణయం తీసుకునేవారికి కుర్చీతో పాటు పనీ ఇవ్వండి

ముఖ్య అతిథిగా పిలిస్తే ఆలస్యంగా వస్తారు, ప్రసంగిస్తారు, వెళ్లిపోతారు. ప్రదర్శన చూడనే చూడరు. బదులుగా చిన్న పని అప్పగించండి: పిల్లల బొమ్మల్లో మూడింటిని ఎంచి వారితో మాట్లాడటం, తెర వెనుక వేషం వేసుకునే చోట పది నిమిషాలు గడపడం, తాళం పట్టుకుని ఒక పాటకు కూర్చోవడం. స్వయంగా చూసినవారు సమావేశంలో మీ తరఫున మాట్లాడగలరు.

అన్ని పక్షాలవారినీ ఒకే రకమైన ఆహ్వానంతో పిలవండి. ఆర్థిక విభాగంలో పద్దులు తయారుచేసే అధికారిని తప్పకుండా పిలవండి. అందరూ మరిచిపోయే మనిషి ఆయనే, అంకె మొదట పడేది ఆయన చేతి మీదుగానే. ఏ అభ్యర్థికీ ఓటు వేయమని వేదిక మీద అనకండి, అననివ్వకండి. విధానం మారాలని అడగడం వేరు, ఎన్నికల ప్రచారం వేరు. రెండోది చాలా దేశాల్లో స్వచ్ఛంద సేవా సంస్థల గుర్తింపుకే ముప్పు తెస్తుంది.

7. జనాన్ని నిజంగా లెక్కించండి

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

ద్వారాలున్న చోటైతే ఒక్కో ద్వారం దగ్గర ఒకరిని కౌంటరుతో నిలబెట్టండి. లోపలికి వచ్చేవారిని మాత్రమే నొక్కాలి. బయటికి వెళ్లి మళ్లీ వచ్చేవారు రెండుసార్లు పడకుండా చేతిపై ముద్ర వేయవచ్చు.

బహిరంగ ప్రదేశమైతే గళ్ల పద్ధతి వాడండి. 1960లలో హెర్బర్ట్ జేకబ్స్ అనే పాత్రికేయ ఆచార్యుడు కాలిఫోర్నియాలోని బర్క్లీలో తన కిటికీ కింద గుమిగూడే విద్యార్థులను లెక్కించడానికి దీన్ని రూపొందించాడు. నేలను గళ్లుగా ఊహించుకుని, చేతులు చాపే దూరంలో పలుచగా ఉన్నచోట ఒక్కొక్కరికి 10 చదరపు అడుగులు, దగ్గర దగ్గరగా నిలబడిన చోట 4.5 చదరపు అడుగులు లెక్కగడతారు. మీటర్లలో అవి దాదాపు 0.93, 0.42.

ఒక లెక్క చూద్దాం. మైదానం పొడవు 30 మీటర్లు, వెడల్పు 20 మీటర్లు. మొత్తం 600 చదరపు మీటర్లు. వేదిక వైపు సగం కిక్కిరిసి ఉంది: 300ను 0.42తో భాగిస్తే సుమారు 714. వెనుక సగం పలుచగా ఉంది: 300ను 0.93తో భాగిస్తే సుమారు 323. మొత్తం వెయ్యికి కాస్త పైన. "సుమారు వెయ్యి మంది" అని రాయండి, 1,037 అని రాయకండి. అంచనాకు అంత కచ్చితత్వం లేదు. ఈ లెక్కను కార్యక్రమంలో మూడు వేర్వేరు సమయాల్లో చేసి, పక్కనే ఆ సమయాల ఫొటోలు పెట్టండి.

మేము ఒకసారి ఇదే తప్పు చేశాం. ఉత్సాహంలో ఐదువేల మంది వచ్చారని నివేదికలో రాశాం. ఒక అధికారి స్థలం కొలతలు అడిగి, అక్కడే భాగించి చూపించాడు: చదరపు మీటరుకు ఎనిమిది మందికి పైగా! అంతమంది ఉంటే ఊపిరి ఆడదు. ఆ ఒక్క అంకెతో నివేదికలోని మిగతా నిజాలన్నీ అబద్ధాలుగా కనిపించాయి.

8. వచ్చినవారిని మూడు ప్రశ్నలు అడగండి

ఎక్కడి నుంచి వచ్చారు? ఇలాంటి కార్యక్రమానికి రావడం మొదటిసారా? ఇది లేకపోతే ఈ సాయంత్రం ఏమి చేసేవారు? మూడు చాలు. కనిపించిన పరిచయస్తులను కాక, లెక్కపెట్టుకుంటూ ప్రతి పదో మనిషిని అడగండి. ఇలా ఎంచిన 100 మంది జవాబుల్లో పొరపాటుకు అవకాశం అటూఇటూ దాదాపు 10 శాతం. 400 మందిని అడిగితే అది 5కి తగ్గుతుంది.

మూడో ప్రశ్నకు ప్రత్యేకంగా విలువ ఉంది. "మా కార్యక్రమం వల్ల చుట్టుపక్కల వ్యాపారం ఇంత పెరిగింది" అని చెప్పాలని అందరికీ ఉంటుంది. కానీ అదే ఊరివారు పెట్టే ఖర్చు, మీ కార్యక్రమం లేకపోయినా మరోచోట పెట్టేదే కావచ్చు. బయటి నుంచి ఇందుకోసమే వచ్చినవారి ఖర్చునే కొత్తదిగా లెక్కించండి. అంకె చిన్నదవుతుంది, కానీ దాన్ని ఎవరూ కొట్టివేయలేరు.

9. పది రోజుల్లో రెండు పేజీల నివేదిక

మొదటి పేజీ పైన మీ ఒక్క వాక్యపు అభ్యర్థన. కింద హాజరు, మొదటిసారి వచ్చినవారి శాతం, పాల్గొన్న కళాకారుల సంఖ్య, రెండు వరుసల ఖర్చు. రెండో పేజీలో రెండు ఫొటోలు, ప్రేక్షకుల మాటలు రెండు మూడు, వారి అనుమతితో, ఉన్నవి ఉన్నట్టుగా. పిల్లల ఫొటోలకు తల్లిదండ్రుల అంగీకారం కాగితం మీద తీసుకోండి. మూడో పేజీ వద్దు. దాన్ని చదివే సమయం ఎవరికీ ఉండదు.

10. మూడు నిమిషాల్లో మాట్లాడండి

బడ్జెట్‌పై ప్రజల అభిప్రాయాలు వినే బహిరంగ విచారణల్లో మాట్లాడే సమయం సాధారణంగా కొద్ది నిమిషాలే. ఈ వరుస పాటించండి: మీరెవరు (ఒక వాక్యం), మీరు చూసిన ఒక మనిషి కథ (ఒక నిమిషం), రెండు అంకెలు, అభ్యర్థన, ధన్యవాదాలు. ఇంట్లో బిగ్గరగా చదివి గడియారం చూసుకోండి. అభ్యర్థనను చివరికి అట్టిపెడితే గంట మోగి అది నోట్లోనే ఉండిపోయే ప్రమాదముంది. అందుకే రెండో నిమిషం ముగిసేలోపు చెప్పేయండి.

రెండు అభ్యంతరాలకు జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

"రోడ్లు, నీళ్లు ముందు కదా?" దీనికి వాదనకు దిగకండి. "అవును, అవి కావాలి. మేము అడుగుతున్నది మొత్తం బడ్జెట్‌లో ఇంత చిన్న భాగం" అని రెండో దశలో రాసుకున్న అంకె చూపండి. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 27వ అధికరణం సమాజపు సాంస్కృతిక జీవితంలో పాల్గొనడాన్ని, కళలను ఆస్వాదించడాన్ని ప్రతి ఒక్కరి హక్కుగా చెప్పిందని గుర్తుచేయండి.

"బాగుంటే టికెట్ కొనుక్కుని చూస్తారు కదా?" 1966లో విలియం బామోల్, విలియం బోవెన్ అనే ఆర్థికవేత్తలు చూపింది ఇదే: యంత్రాలతో కర్మాగారంలో మనిషి ఉత్పత్తి పెరుగుతూ పోతుంది, కానీ నలుగురు వాయించాల్సిన సంగీతానికి నేటికీ నలుగురే కావాలి, అంతే సమయం కావాలి. ఖర్చు మాత్రం మిగతా ప్రపంచంతో పాటు పెరుగుతుంది. టికెట్ మీదే బతకాలంటే ధర పెంచాలి, అప్పుడు కొనలేనివారు బయట మిగిలిపోతారు.

విచారణ లేని చోట వ్యక్తిగతంగా కలవండి. ఇద్దరే వెళ్లండి, ఒకరు కళాకారుడు లేదా కళాకారిణి, మరొకరు ప్రేక్షకుల్లోంచి. నిర్వాహకులు మాట్లాడితే స్వార్థంగా వినబడేది ప్రేక్షకుల నోట అవసరంగా వినబడుతుంది.

తరచూ జరిగే మరికొన్ని పొరపాట్లు

వేల సంతకాల వినతిపత్రం ఒక్కటే ఇచ్చి ఊరుకోవడం. తమ సొంత మాటల్లో, తమ చిరునామాతో రాసిన ఇరవై ఉత్తరాలు అంతకంటే ఎక్కువ పనిచేస్తాయి. నమూనా ఉత్తరం పంచితే అందరూ అదే నకలు చేస్తారు. దాని బదులు "మీరు చూసిన ఒక్క సంగతి రాయండి" అని చెప్పండి.

మరో బృందానికి వచ్చిన సొమ్మును తప్పుపట్టడం. కళాకారులు ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేసుకుంటే ఆర్థిక విభాగానికి పద్దు మొత్తాన్నే ఆపడానికి కారణం దొరుకుతుంది.

డబ్బు రానందుకు అలిగి మరుసటి ఏడాది కార్యక్రమం మానేయడం. మూడేళ్లు ఆగకుండా జరిగిన చిన్న కార్యక్రమం, ఒక్క ఏడాది మెరిసి మాయమైన పెద్దదానికంటే నమ్మకాన్నిస్తుంది.

ఫలితం వచ్చిందో లేదో ఎలా చూడాలి

హామీని ఫలితంగా లెక్కపెట్టకండి. నాలుగు చోట్ల, నాలుగు తేదీల్లో చూసుకోవాలి. ముసాయిదాలో మీ పద్దు ఉందా? ఆమోదించిన బడ్జెట్‌లో అంకె అలాగే ఉందా? ఏడాది మధ్యలో సవరించిన అంచనాల్లో కోత పడిందా? సొమ్ము నిజంగా విడుదలై కళాకారుల చేతికి చేరిందా? ముసాయిదాలో లేకపోతే విచారణలో లేవనెత్తండి. సవరణలో కోత పడితే మిగిలిన సొమ్మును ఆ ఏడాదే ఖర్చు చేయగల పని ఒకటి చూపించి అడగండి. సమాచారం ఇవ్వకపోతే, సమాచార హక్కు చట్టాలున్న చోట ఆ మార్గంలో లిఖితపూర్వకంగా కోరండి.

విడుదలైతే వెంటనే చేయాల్సినవి రెండు. హాజరైనా కాకపోయినా, మీ పక్షాన మాట్లాడిన ప్రతి ఒక్కరికీ, పద్దు తయారుచేసిన అధికారితో సహా, ధన్యవాదాల ఉత్తరం పంపండి. రెండోది, వినియోగ ధృవపత్రానికి (ఇచ్చిన సొమ్మును దేనికి ఖర్చు చేశారో చూపే పత్రానికి) కావలసిన ఓచర్లను అసలు పద్దుల వారీగా మొదటి రోజు నుంచే ఫైలులో పెట్టండి. ఆ పత్రం అందకపోతే చాలాచోట్ల తర్వాతి విడత ఆగిపోతుంది. అందుకే కార్యక్రమం ముగిసిన వారంలోనే లెక్కలు మూసి, సంతకాలు పూర్తిచేసి, అందజేసినట్టు రసీదు తీసుకోండి.